నలభై తొమ్మిదేళ్ల దగ్గర ఆగిపోయే లెక్క

ఒక మనిషిని చావు నోటి నుంచి తప్పించడం ఒక ఎత్తు. తప్పించుకున్న ఆ మనిషిని ముసలితనం దాకా గౌరవంగా నడిపించడం మరో ఎత్తు. హెచ్‌ఐవి విషయంలో మొదటి పని చేశామని ఇరవై ఏళ్లుగా ఢిల్లీ ప్రభుత్వాలు, వాటి జెండా ఏదైనా సరే, చెప్పుకుంటూనే ఉన్నాయి. ఆ మాటలో అసత్యం లేదు. రెండో పని ఊసు మాత్రం మంత్రుల ప్రసంగాల్లో గానీ, పార్టీల ఎన్నికల ప్రణాళికల్లో గానీ వినిపించడం అరుదు. ఫలితంగా ఈ దేశంలో ఒక తరం ప్రభుత్వ మందులతో బతికి, ప్రభుత్వ నిర్లక్ష్యంలో ముసలిదవుతున్నది.

1986లో మద్రాసులో తొలి కేసులు బయటపడ్డాయి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 1992లో ఏర్పడింది. ఆ తర్వాత పన్నెండేళ్ల పాటు ప్రభుత్వం ప్రజలకు ఇచ్చింది ప్రధానంగా హెచ్చరికలే. మందు లేక కాదు. 2001 ఫిబ్రవరిలోనే భారతీయ కంపెనీ సిప్లా మూడు మందుల కలయికను మనిషికి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించి బహుళజాతి ఔషధ సంస్థల గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టింది. అప్పటిదాకా అదే చికిత్సకు ఏడాదికి పదివేల డాలర్లకు పైగా అయ్యేది. ముంబై కంపెనీ మాత్రలు ఆఫ్రికాకు ఆశ కల్పించిన మూడేళ్లకు గానీ, 2004 ఏప్రిల్ 1న గానీ, భారత ప్రభుత్వానికి తన పౌరులకు ఉచితంగా ఇవ్వాలన్న ఆలోచన ఆచరణలోకి రాలేదు. తొలి విడత ఎంపికైన ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతావి తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, మణిపూర్, నాగాలాండ్. వాటితో పాటు ఢిల్లీ.

ఆనాడు ముప్పై అయిదేళ్ల వయసులో ఆ మందుల వరుసలో నిలుచున్నవారికి ఇప్పుడు యాభై అయిదు దాటింది. నలభై అయిదేళ్లప్పుడు నిలుచున్నవారు షష్టిపూర్తి దాటిపోయారు. దేశంలో హెచ్‌ఐవితో జీవిస్తున్నవారు దాదాపు పాతిక లక్షల మంది. మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలు ఆ సంఖ్యలో ముందు వరుసలో ఉన్నాయి. ఈ పాతిక లక్షల్లో యాభై దాటినవారి వాటా ఏటా పెరగక తప్పదు. చికిత్స విజయానికి అది సహజమైన పర్యవసానం. ఆ పర్యవసానానికి సిద్ధపడని కార్యక్రమాన్ని విజయం అని పిలవడమే అసలు మోసం.

లెక్క దగ్గరే మోసం మొదలవుతుంది. ఈ దేశంలో హెచ్‌ఐవి తీవ్రతను చెప్పే ప్రధాన కొలమానం, వార్తల్లో ఏటా వచ్చే ఆ 0.20 శాతం, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల వయసువారికి సంబంధించినది. 2005-06 నాటి మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశవ్యాప్తంగా ఇళ్లకు వెళ్లి రక్తనమూనాలు సేకరించినప్పుడు స్త్రీలలో నలభై తొమ్మిదేళ్ల వరకే, పురుషుల్లో యాభై నాలుగేళ్ల వరకే తీసుకున్నారు. సంతానోత్పత్తి వయసును గీటురాయిగా పెట్టుకున్న సర్వే అది. ప్రసవించగల వయసు దాటిన స్త్రీ ఆ సర్వేలో రక్తం లేని మనిషి. ఈ పద్ధతి భారత్‌కే పరిమితం కాదు, పేద దేశాలన్నిటా జరిపే సర్వేల మూసే అది. అయితే మూస ఎవరిదైనా, దానిని ఇరవై ఏళ్ల తర్వాత కూడా మార్చాలని అనుకోకపోవడం ఎవరి తప్పో చెప్పనక్కర్లేదు.

లెక్క మారితే విధానం ఎలా మారుతుందో ఇదే దేశం చూసింది. ఆ సర్వే ఫలితాలు వచ్చాక 2007లో ప్రభుత్వం తన అంచనాను యాభై రెండు లక్షల నుంచి పాతిక లక్షలకు, అంటే సగానికి సగం తగ్గించుకుంది. ప్రపంచంలో అత్యధిక రోగులున్న దేశమన్న నింద ఆ ఒక్క సవరణతో తొలగింది. తన పరువు నిలిపే లెక్కను అంత శ్రద్ధగా చేసిన యంత్రాంగానికి, తన బాధ్యతను పెంచే లెక్క చేయడానికి తీరిక దొరకడం లేదు.

ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం 2013లోనే ఈ విషయంలో గంట మోగించింది. ప్రపంచంలో హెచ్‌ఐవితో జీవిస్తున్న యాభై ఏళ్లు పైబడినవారు ముప్పై ఆరు లక్షల మంది అనీ, వారిలో ఇరవై తొమ్మిది లక్షల మంది అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారనీ అప్పుడే లెక్కగట్టింది. దక్షిణాఫ్రికాలోని అగిన్‌కోర్ట్ గ్రామీణ ప్రాంతంలో నలభై దాటినవారికి పరీక్షలు చేస్తే దాదాపు నాలుగో వంతు మందిలో హెచ్‌ఐవి కనిపించింది. వెతికితే కనిపించింది. వెతకని చోట లేదని అనుకోవడం శాస్త్రం కాదు, సౌకర్యం.

దీర్ఘకాలం హెచ్‌ఐవితో జీవించిన శరీరం వైరస్ అదుపులో ఉన్నా లోలోపల వాపుతో పోరాడుతూనే ఉంటుంది. గుండె జబ్బు, మధుమేహం, మూత్రపిండాల వైఫల్యం, ఎముకల పెళుసుతనం, కొన్ని రకాల క్యాన్సర్లు ఇతరుల కంటే ముందుగా, ఎక్కువగా వచ్చే ప్రమాదం ఉంది. దీనికి తోడు మందుల పాపం. తొలి ఏళ్లలో ప్రభుత్వం పంచిన చికిత్సలో స్టావుడిన్ అనే చవక మందు ఉండేది. ముఖంలో కొవ్వు కరిగి బుగ్గలు లోపలికి పోవడం, కాళ్లలో నరాలు మండడం దాని దుష్ఫలితాలు. సంపన్న దేశాలు దానిని వదిలేశాక కూడా పేద దేశాల్లో అదే సాగింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని దశలవారీగా మానేయమని చెప్పాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన టెనోఫోవిర్ మెరుగైనదే, కానీ కొందరిలో మూత్రపిండాలనూ ఎముకలనూ దెబ్బతీస్తుంది. ఈ మందులే ఆ తరాన్ని బతికించాయి. వాటి గాయాలను మోస్తున్నదీ ఆ తరమే. ప్రాణం నిలిపిన ప్రభుత్వానికి ఆ గాయాల మీద కూడా బాధ్యత ఉంటుంది.

ఇక్కడే రెండు కిటికీల కథ మొదలవుతుంది. జిల్లా ఆసుపత్రిలో ఏఆర్‌టి కేంద్రం ఒక మూల, అసాంక్రమిక వ్యాధుల క్లినిక్ మరో మూల. మొదటిది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద, రెండోది జాతీయ ఆరోగ్య మిషన్ కింద. బడ్జెట్టు వేరు, దస్త్రం వేరు, మందుల గిడ్డంగి వేరు. రోగి శరీరం మాత్రం ఒక్కటే.

ఇప్పుడు ఏఆర్‌టి కేంద్రాలు ఇచ్చే ప్రధాన చికిత్సలో డోలుటెగ్రావిర్ ఉంటుంది. మంచి మందు. అయితే అది మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మోతాదును రక్తంలో పెంచుతుంది. అందుకే ఆ రెండూ కలిసి వాడేవారికి మెట్‌ఫార్మిన్‌ను రోజుకు వెయ్యి మిల్లీగ్రాములకు మించనీయవద్దని వైద్యశాస్త్రం చెబుతుంది. కాల్షియం, ఐరన్ మాత్రలు, కడుపులో మంటకు వాడే కొన్ని మందులు డోలుటెగ్రావిర్‌తో ఒకేసారి మింగితే దాని శక్తిని తగ్గిస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఉంటే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. కాల్షియం, ఐరన్, మెట్‌ఫార్మిన్ ఏవో అరుదైన మందులు కావు. యాభై దాటిన భారతీయ స్త్రీ కొంగున మూటగట్టుకుని తిరిగే మందులు. ఆ మూటలో ఏది ఎప్పుడు వేసుకోవాలో ఆమెకు చెప్పవలసినవారు ఎవరు? ఏఆర్‌టి కేంద్రంలోని వైద్యుడికి ఆమె షుగరు చీటీ తెలియదు. షుగరు వైద్యుడికి ఆమె తన హెచ్‌ఐవి సంగతి చెప్పదు. చెబితే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు గనక చెప్పదు. రెండు కిటికీల మధ్య ఉన్న ఆ పదిహేను గజాల దూరాన్ని ఈ రాజ్యం ఇరవై ఏళ్లలో దాటలేకపోయింది.

శాస్త్రం చేతికి అందించిన సాధనాలను కూడా వాడుకోకపోవడం మరో నేరం. 2023లో వెలువడిన రిప్రీవ్ అధ్యయనం పన్నెండు దేశాల్లో, భారత్‌తో సహా, హెచ్‌ఐవితో జీవిస్తున్న నలభై నుంచి డెబ్బై అయిదేళ్ల వయసుగల 7,769 మంది మీద జరిగింది. పిటావాస్టాటిన్ అనే మాత్ర రోజూ వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు దాదాపు 35 శాతం తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండడంతో అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపేశారు. స్టాటిన్ మాత్రలను భారతీయ కంపెనీలే తయారు చేస్తాయి. ఆ వర్గానికే చెందిన ఆటోర్వాస్టాటిన్ జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలోనూ ఉంది. రెండో వరుస చికిత్సలో రిటోనావిర్ వాడేవారికి ఏ స్టాటిన్, ఎంత మోతాదు అన్నది జాగ్రత్తగా నిర్ణయించాలి. నిర్ణయించవలసిన చోటు ఏఆర్‌టి కేంద్రమే. భారతీయుల శరీరాల మీద కూడా రుజువైన ప్రయోజనం భారతీయ రోగి చేతికి రొటీనుగా అందాలని కోరడం అత్యాశ ఎలా అవుతుంది?

ఇవన్నీ వ్యాధి తెలిసినవారి సంగతి. తెలియనివారి సంగతి మరీ దారుణం. అరవై ఏళ్ల మనిషి బరువు తగ్గితే వయసు అంటారు. జ్ఞాపకశక్తి మందగిస్తే వయసు అంటారు. మాటిమాటికీ జ్వరం వస్తే వయసే అంటారు. హెచ్‌ఐవి పరీక్ష చేయించాలన్న ఆలోచన చివరికి గానీ రాదు, అప్పటికి రోగనిరోధక శక్తి అడుగంటుతుంది. కారణం వైద్యుల అజ్ఞానం ఒక్కటే కాదు. పెద్దవారికి లైంగిక జీవితం ఉండదన్న నటన ఈ సమాజానికి మర్యాద పేరుతో అలవాటైంది. ఎయిడ్స్ ప్రచార చిత్రాలు యువతను చూసి మాట్లాడతాయి, కళాశాలల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులు పెడతాయి. భార్య పోయిన యాభై ఎనిమిదేళ్ల లారీ డ్రైవరుతో ఆ ప్రచారానికి మాటే లేదు.

చట్టం ఏం చేసింది? హెచ్‌ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టాన్ని 2017లో పార్లమెంటు ఆమోదించింది. 2018 సెప్టెంబరు 10న అది అమల్లోకి వచ్చింది. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంటిలో వివక్ష చూపరాదని అది శాసించింది. గోప్యతకు రక్షణ కల్పించింది. రాష్ట్రాలు అంబుడ్స్‌మన్‌లను నియమించాలంది. ఇవి నిజంగా మంచి నిబంధనలు. కానీ గుండెకాయ వంటి పద్నాలుగో సెక్షన్‌లో ఒక మాట చొప్పించారు. చికిత్సను ప్రభుత్వాలు 'సాధ్యమైనంత మేరకు' అందిస్తాయట! బాధితుల సంఘాలు ఆనాడే గగ్గోలు పెట్టాయి. హక్కు అనే ఇంటికి ఆ మాట దొడ్డిదారి తలుపని హెచ్చరించాయి. ప్రభుత్వం వినలేదు.

ఆ తలుపు అర్థమేమిటో 2022 జూలైలో తెలిసింది. డోలుటెగ్రావిర్‌తో సహా కొన్ని మందుల కొరత ఏర్పడి, నెలకు ఇచ్చే మాత్రలు వారానికీ పది రోజులకూ కుదించారని ఆరోపిస్తూ హెచ్‌ఐవితో జీవిస్తున్నవారు ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం ఎదుట బైఠాయించారు. నెల దాటినా కదలలేదు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దేశవ్యాప్తంగా కొరత లేదని అధికారులు అన్నారు. కొరత లేకపోతే ఎండలో వానలో ముఖాలు చూపించుకుంటూ, పేర్లు బయటపెట్టుకుంటూ కూర్చునే సరదా ఏ రోగికి ఉంటుంది? గోప్యతే ప్రాణమైన మనుషులు వీధిలోకి వచ్చారంటే ఇంట్లో మందు అయిపోయిందనే అర్థం.

ముసలితనానికి మందు ఒక్కటే చాలదు, తిండి కూడా కావాలి. జాతీయ వృద్ధాప్య పింఛను పథకంలో అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల వారికి కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. 2007 నుంచీ ఆ అంకె కదలలేదు. ఈ మధ్య కాలంలో పార్లమెంటు సభ్యుల జీతాలు ఎన్నిసార్లు కదిలాయో ఆ సభ్యులకే తెలుసు. తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో కొంత నయం. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టి మందులు వాడేవారికి సామాజిక పింఛను ఉంది, 2024లో అది 4,000 రూపాయలైంది. తెలంగాణలో ఆసరా పథకం హెచ్‌ఐవి బాధితులను చేర్చుకుంది, 2019లో దానిని 2,016 రూపాయలు చేశారు. ఒక రాష్ట్రం ఇవ్వగలిగినప్పుడు దేశం ఇవ్వలేకపోవడానికి కారణం ఖజానా కాదు. కేంద్రం వాటా 200 దగ్గర ఆగినంత కాలం, సరిహద్దుకు ఆ పక్క పుట్టిన రోగి బతుకు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి దయ.

డెబ్బై దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ కింద అయిదు లక్షల రూపాయల వైద్యం అని 2024 అక్టోబరులో ఘనంగా ప్రకటించారు. ఆసుపత్రిలో చేరితేనే పనికొచ్చే పథకం అది. రోజువారీ షుగరు మాత్రకూ, ఎముకల పరీక్షకూ అక్కరకు రాదు. పైగా ఈ మనుషుల శరీరాలు యాభైలోనే అరవై చూస్తున్నాయి. డెబ్బై దాకా ఆగమని వారికి చెప్పడం పరిహాసం.

ఈ నిర్లక్ష్యం బరువు ఎక్కువగా మోస్తున్నది స్త్రీలు. భర్త పోయాక తన రక్తంలోనూ అదే ఉందని తెలుసుకున్న వేలాది మంది ఇప్పుడు యాభైల్లో ఉన్నారు. వారిలో ఎందరికో అత్తింట ఆస్తి దక్కలేదు, పుట్టింట చోటు దక్కలేదు. భర్తను చంపింది నువ్వేనన్న నింద మాత్రం దక్కింది. పిల్లల్ని కూలి పనితో పెంచారు. ఇప్పుడు కూలికి పోలేని వయసు వచ్చింది. సరిహద్దుకు అవతల నేపాల్‌లోని అచ్ఛాం జిల్లాలోనూ ఇదే కథ. ముంబైకి వలస వెళ్లి వచ్చిన భర్తల నుంచి వ్యాధి సోకిన స్త్రీలు అక్కడి కొండ గ్రామాల్లో ఒంటరిగా ముసలివారవుతున్నారు. వలస కూలీ చెమట ముంబైకి కావాలి, అతడు మోసుకెళ్లిన వ్యాధి మాత్రం ఎవరిదీ కాదు!

దీనికి వ్యతిరేకంగా చెప్పే వాదనలు మూడు. కొత్త కేసులు తగ్గుతున్నాయి గనక ఖర్చు కూడా తగ్గాలన్నది మొదటిది. కొత్త కేసులు తగ్గినా, బతికినవారు బతికే ఉంటారు. ఏటేటా వారి అవసరం పెరుగుతుంది. నిధులు పరిమితమన్నది రెండోది. అయిదో దశ కార్యక్రమానికి కేంద్రం కేటాయించింది అయిదేళ్లకు 15,471.94 కోట్లు. ఆ డబ్బుతో నిలబెట్టిన ప్రాణాన్ని పది రూపాయల రక్తపోటు మాత్ర అందక పక్షవాతానికి అప్పగించడం పొదుపు ఎలా అవుతుంది? రెండు వ్యవస్థలను కలిపితే గోప్యత పోతుందన్నది మూడోది. ఇది మాత్రం నిజాయితీ గల వాదన. ఇతర క్లినిక్కుల్లో వివక్ష ఉన్నంత కాలం రోగి దస్త్రాన్ని ఊరంతా తిప్పకూడదు. అయితే దస్త్రాన్ని తిప్పవలసిన పని లేదు, మందును తెస్తే చాలు. రోగి ఎలాగూ నెలనెలా వచ్చే ఏఆర్‌టి కేంద్రంలోనే రక్తపోటు, షుగరు, కొవ్వు, మూత్రపిండాల పరీక్షలు జరిపి, ఆ మాత్రలనూ అక్కడే ఇస్తే గోప్యతా నిలుస్తుంది, ప్రాణమూ నిలుస్తుంది.

అసలు కారణం ఈ మూడు వాదనల్లో ఏదీ కాదు. వీరు ఓటు బ్యాంకు కారు. ఊరేగింపు తీయలేరు, తమ పేరు చెప్పుకుని సభ పెట్టలేరు. కులసంఘానికి, రైతుసంఘానికి, పింఛనుదారుల సంఘానికి ఉన్న గొంతు వీరికి లేదు. బయటపడి అడగలేని మనిషిని అడగలేదు గనక వదిలేయడం పిరికి రాజకీయం.

అయిదో దశ జాతీయ కార్యక్రమం గడువు 2026 మార్చి 31. దాని తర్వాత ఏం చేసినా ఆ పత్రంలో నాలుగు మాటలు ఉండి తీరాలి. యాభై దాటినవారి లెక్క, వారి మరణాల కారణాలతో సహా, ఏటా విడిగా ప్రచురించాలి. వృద్ధాప్య వ్యాధుల పరీక్షలు, మందులు ఏఆర్‌టి కేంద్రంలోనే ఉచితంగా ఇవ్వాలి. కేంద్ర పింఛను వాటాను ధరలతో పాటు పెరిగేలా మార్చి, హెచ్‌ఐవితో జీవిస్తున్నవారికి అర్హత వయసును యాభైకి దించాలి. పద్నాలుగో సెక్షన్‌లోని 'సాధ్యమైనంత మేరకు' అన్న మాటలను పార్లమెంటు తొలగించాలి. ఈ నాలుగింటిలో కొత్తగా కనిపెట్టవలసిన మందు ఒక్కటీ లేదు, కొత్తగా కట్టవలసిన ఆసుపత్రి ఒక్కటీ లేదు.

2004లో ఆ మందుల వరుసలో నిలుచున్నవారిని బతకమని చెప్పింది ఈ రాజ్యమే. వారు బతికారు. రోజూ వేళ తప్పకుండా మాత్ర మింగి, దూషణ మింగి, ఇరవై ఏళ్లు తమ వంతు మాట నిలబెట్టుకున్నారు. మాట నిలబెట్టుకోవలసిన వంతు ఇప్పుడు రెండో పక్షానిది. నలభై తొమ్మిదేళ్ల దగ్గర లెక్క ఆపేసినంత మాత్రాన ఆ బాకీ మాసిపోదు.